తొలి ప్లేఆఫ్‌కి (ఓడితే ఇంటికే అనే నాకౌట్ మ్యాచ్‌కి) అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌ని దింపుతున్న మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా,

నీ మెసేజ్ చూశాను. "మామయ్యా, వాళ్ళు ఈ సీజన్‌లో ఒక్కటీ ఓడలేదు, మమ్మల్ని ఇప్పటికే ఒకసారి కొట్టేశారు" అన్నావు. ముందు ఒక సంగతి విను. 2007 డిసెంబరు 29న న్యూయార్క్ జెయింట్స్ 38-35తో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ చేతిలో ఓడింది. ఐదు వారాలకే, 2008 ఫిబ్రవరి 3న, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో మళ్ళీ అదే జట్టు ఎదురైంది. అప్పటికి పేట్రియట్స్ వరుసగా 18 మ్యాచ్‌లు గెలిచి ఉంది. ఆ రోజు 17-14తో గెలిచింది మాత్రం జెయింట్స్.

ఆ ఫైనల్లో జెయింట్స్ తొలి డ్రైవ్ (బంతి తమ దగ్గరున్నంతసేపు సాగే దాడి) వీడియో నీ కుర్రాళ్ళకి చూపించు. 16 ప్లేలు (ఒక్కో ప్రయత్నం ఒక ప్లే), దాదాపు పది నిమిషాలు. వచ్చింది ఫీల్డ్ గోల్, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నితే వచ్చే మూడు పాయింట్లే. కానీ అంతసేపూ పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) టామ్ బ్రేడీ గట్టు మీదే ఉండిపోయాడు. బంతి పన్నెండుసార్లు చేతికొస్తే పెద్ద జట్టు బలం బయటపడుతుంది. ఎనిమిదిసార్లే వస్తే ఒక ఫంబుల్ (చేజారిన బంతి), ఒక తప్పిన కిక్ చాలు, లెక్క తారుమారవుతుంది. అందుకే పరుగు ప్లేలు ఎక్కువ పెట్టు. గీత దాటి బయటికి పోవద్దని రన్నర్లకి చెప్పు, గడియారం ఆగిపోతుంది. ప్లే క్లాక్ (తర్వాతి ప్లే మొదలెట్టడానికి ఇచ్చే గడువు) బాగా తగ్గేదాకా స్నాప్ చేయించకు, అంటే బంతిని వెనక్కి అందించి ప్లే మొదలెట్టనివ్వకు.

ఇక డిఫెన్స్. ఆ రోజు బ్రేడీని ఐదుసార్లు శాక్ చేశారు, అంటే పాస్ విసిరేలోపే కింద పడేశారు. ముందువరుస నలుగురే ఒత్తిడి తేగలిగితే మిగతా ఏడుగురూ వెనక కాపలాకి మిగులుతారు, అసలు కిటుకు అదే. అవతలి క్వార్టర్‌బ్యాక్ చేతిని కాదు, కాళ్ళని చూడు. తీరిక దొరికితే వెనక కాలు తన్నిపెట్టి, ముందుకి అడుగేసి విసురుతాడు. భయపడితే బరువంతా వెనక కాలి మీదే ఉంచి విసురుతాడు, బంతి పాస్ అందుకోవాల్సిన రిసీవర్ తల మీదుగా పోతుంది. నీకు ఇంటర్‌సెప్షన్ (వాళ్ళ పాస్‌ని మనవాళ్ళు పట్టేయడం) దొరికేది అక్కడే.

వాళ్ళ సగంలో నాలుగో డౌన్‌కి (ఆఖరి ప్రయత్నానికి) ఒక్క యార్డే కావాలంటే పంట్ చేయకు (బంతిని దూరంగా తన్ని వాళ్ళకి ఇచ్చేయకు), ఆడు.

నేను కోచ్‌గా ఉన్నప్పుడు ఒక ప్లేఆఫ్‌లో మొదట్లోనే 14 పాయింట్లు వెనకబడ్డాం. టెన్షన్‌లో ప్లాన్ పక్కనపెట్టి ప్రతి ప్లేకీ పాస్ వేయించాను. పాస్ తప్పినప్పుడల్లా గడియారం ఆగింది, బంతి మళ్ళీ వాళ్ళకే పోయింది. ఆ ఓటమి నాకిప్పటికీ బాధే. 2011 జనవరి 8న సీహాక్స్ జట్టు కూడా ఒక ప్లేఆఫ్‌లో 17-7తో వెనకబడింది. సీజన్‌లో ఏడు గెలిచి తొమ్మిది ఓడిన జట్టది. అయినా అప్పటి ఛాంపియన్ సెయింట్స్‌ని 41-36తో ఓడించింది. పది పాయింట్లకే కంగారు పడొద్దు నాన్నా.

రేపటి ప్రాక్టీస్‌లో రన్నర్లందరికీ తడి బంతి ఇవ్వు. ఒక కొన వేళ్ళ మధ్య, రెండో కొన మోచేతి మడతలో, బంతి ఛాతీకి అదిమి ఉండాలి. పక్కనుంచి ఇద్దరు గుంజినా జారకూడదు. ఎవరి పట్టు సడలిందో రాత్రికి ఫోన్ చేసి చెప్పు, ఆ కుర్రాడి గురించి మాట్లాడుకుందాం.

నీ మామయ్య