మూడు బ్రాంచీలూ నీకే అప్పజెప్పారటగా

అమ్మడూ,

మీ ఆసుపత్రి గుంటూరు, తెనాలి, విజయవాడ మూడు బ్రాంచీల ఇన్ఫెక్షన్ కంట్రోలూ నీ చేతిలో పెట్టారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పొంగిపోయాను. ఆ వెంటనే టెన్షనూ పట్టుకుంది, నీకు ఎవరికీ ఎదురు చెప్పడం రాదాయె.

చేతులు కడిగించడం, చెత్తను రంగు సంచుల్లో వేయించడం నీకు నేను చెప్పక్కర్లేదు.

నెలనెలా లెక్కలొస్తాయి కదా, ఇన్ఫెక్షన్లు ఎక్కడ తక్కువుంటే ముందు అక్కడికే వెళ్ళు. నేను పనిచేసిన చోట ఒక బ్రాంచి ఎప్పుడూ సున్నా చూపించేది, మీటింగులో చప్పట్లు కూడా. తీరా చూస్తే, ల్యాబ్ మెయిన్ బ్రాంచిలో ఉంది, శాంపిళ్ళ వ్యాను రోజుకొక్కసారే వచ్చేది, అందుకని అక్కడివాళ్ళు జ్వరమొస్తే కల్చర్ (ఏ క్రిమో తేల్చే పరీక్ష) పంపకుండానే యాంటీబయాటిక్ ఎక్కించేసేవాళ్ళు. వెతక్కపోతే ఏం దొరుకుతుంది? అక్కడి నుంచి వెంటిలేటర్ మీదున్న ఒకాయన్ని రాత్రిపూట మెయిన్ ఐసీయూకి పంపారు. కాగితంలో బీపీ, షుగరు, ఆఖరికి బిల్లు బకాయి కూడా ఉంది, ఇన్ఫెక్షన్ మాటే లేదు. బయటి ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళకి స్వాబ్ తీసి (దూదిపుల్లతో నమూనా) మొండి క్రిములున్నాయేమో చూడాలని రూలు, ఈయన ‘మనవాళ్ళ’ దగ్గర్నుంచే కదా అని వదిలేశారు. పెద్ద యాంటీబయాటిక్ కార్బపెనెమ్‌కి కూడా లొంగని క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా ఆయనలో ఉన్నట్టు తెలిసేసరికి అది పక్క మంచాలకీ పాకింది. పక్క మంచం ఆవిడ కొడుకు నన్ను ఆపి, “మా అమ్మ వచ్చినప్పుడు ఇది లేదుగా సిస్టర్?” అనడిగాడు. ఏం చెప్తాను?

అందుకే, ఐసీయూ నుంచి ఐసీయూకి ఎవరొచ్చినా, మన బ్రాంచి నుంచైనా సరే, స్వాబ్ తియ్యాలి, రిపోర్టొచ్చేదాకా విడిగా ఉంచాలి. ఆంబులెన్సు కదలకముందే ఫోను రావాలి. సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద సిరలోకి వేసే గొట్టం) ఇన్ఫెక్షన్లు మూడు చోట్లా ఒకే నిర్వచనంతో, 1000 లైన్-రోజులకి (ఒక రోగికి ఒక రోజు లైనుంటే ఒక లైన్-రోజు) ఎన్ని అని లెక్కకట్టించు, పక్కనే ఎన్ని కల్చర్లు పంపారో రాయించు. ఆంబులెన్సు వెంటిలేటరు, బ్రాంచీల మధ్య తిరిగే అల్ట్రాసౌండ్ ప్రోబు ఎవరు తుడవాలో పేరు పెట్టి రాయించు. ‘అందరూ’ అని రాస్తే ఎవరూ తుడవరు.

ఎక్సెల్ ముందు కూర్చోవడం నీకిష్టమని తెలుసు, కాస్త తగ్గించుకుని రాత్రి షిఫ్టులో వార్డులు తిరుగు. పెద్ద సర్జన్ ఉంగరం తీయనంటే నవ్వి ఊరుకోకు. ముందు నీ గాజులు తీసెయ్, మొన్న పెళ్ళిలో చూశాను, డ్యూటీకీ అలాగే వెళ్తున్నావట.

హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ అయ్యాయన్నావు, యాంటీబాడీ టెస్టు చేయించావా? రక్షణకి కావల్సిన 10 mIU/mL దాటిందో లేదో రిపోర్టు వాట్సాప్ చెయ్. ఆదివారం భోజనానికి రా.

పెద్దమ్మ