డాక్టర్ సలహా: చెరువు పూడికలో, పుట్టగొడుగుల్లో సీజియం ఉంటుందా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా అమ్మాయి, అల్లుడు జపాన్‌లోని సెండాయ్‌లో ఉంటారు. అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల. అక్కడి అడవి పుట్టగొడుగుల్లో సీజియం అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుందని ఎవరో ఫోనులో వీడియో పంపారు. వానాకాలంలో ములుగు దారిలో అమ్మే పుట్టగొడుగులు మేమూ తింటాం. రెండేళ్ల కిందట చెరువు పూడిక మట్టి ట్రాక్టర్లతో తోలించి మిరప చేనులో పోయించాను. అదీ ప్రమాదమేనా? అందరం రక్తపరీక్ష చేయించుకోవాలా? అయోడిన్ మాత్రలు వాడమని కూడా కొందరు అంటున్నారు.

జవాబు: సెండాయ్ అడవి, ములుగు దారి, మీ చెరువు. ఈ మూడింటినీ ఆ వీడియో ఒకే గాటన కట్టేసింది. సీజియం-137 నేలలో సహజంగా దొరికేది కాదు. యురేనియం పరమాణువులు రియాక్టర్లోనో బాంబులోనో చీలినప్పుడు పుడుతుంది. అందుకే అది ఎక్కడ కనబడినా, ఎక్కడి నుంచి వచ్చిందన్నదే మొదట అడగాలి. గాలిలోకి చేరిన సీజియంలో చాలా భాగం 1950, 60 దశకాల్లో బయట పేల్చిన అణుబాంబులది. తర్వాతివి 1986లో సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్, 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రాల ప్రమాదాలవి.

గాలిలో పోయే సీజియం వానతో నేలకు దిగుతుంది. ఎక్కడి చెర్నోబిల్, ఎక్కడి బ్రిటన్! ఆ రోజుల్లో వాన కురిసిన పాపానికి వేల్స్ కొండల్లోని గొర్రెల అమ్మకంపై ఆంక్షలు 2012 దాకా కొనసాగాయి. అన్నేళ్లు ఎందుకంటే, ఆ కొండల మీద ఉన్నది కుళ్లిన ఆకులలముల నేల, బంకమట్టి తక్కువ. బంకమట్టి ఉన్న చోట సీజియం దాని సన్నని పొరల మధ్య ఇరుక్కుని పై అంగుళాల్లోనే ఉండిపోతుంది, వేళ్లకు అందేది కొద్దిగానే. బంకమట్టి లేని చోట గడ్డిలోకి, గడ్డి నుంచి పాలలోకి, మాంసంలోకి ఎక్కుతుంది. రసాయన గుణంలో ఇది పొటాషియానికి తోబుట్టువు, మొక్క రెండింటికీ తేడా పట్టలేదు. జపాన్ రైతులు 2011 తర్వాత వరి మడుల్లో పొటాష్ ఎక్కువ వేసింది అందుకే. మొక్కకు అసలు సరుకు కడుపునిండా దొరికితే నకిలీ జోలికి అంతగా పోదు. మీరు మిరపకు వేసే పొటాష్ కూడా అదే.

అడవి కథ వేరు. అక్కడ దున్నేవారు లేరు, ఎరువు వేసేవారు లేరు. చెట్టు పీల్చిన సీజియం ఆకుతో రాలుతుంది, రాలిన ఆకు కింద అల్లుకున్న బూజు పోగులు దాన్ని పట్టుకుంటాయి, మళ్లీ చెట్టుకు చేరుతుంది. పుట్టగొడుగు ఆ పోగులకు కాసే కాయ లాంటిది. జర్మనీలోని బవేరియా అడవి పందులు నేలలోపల పెరిగే ఒక రకం పుట్టగొడుగును తవ్వుకు తింటాయి. వాటి మాంసంలో ఇప్పటికీ సీజియం తగలడానికి చెర్నోబిల్‌తో పాటు పాత బాంబు పరీక్షలూ కారణమని 2023లో పరిశోధకులు తేల్చారు.

ఇక మీ చెరువు. చుట్టుపక్కల చేలనుంచి కొట్టుకొచ్చే సన్నని మట్టి పూడికగా పేరుకుంటుంది, సీజియం అంటుకునేదీ ఆ మట్టికే. అందుకే శాస్త్రజ్ఞులు సరస్సుల అడుగున గొట్టం దించి, మట్టిని పొరలుగా కోసి, సీజియం అన్నిటికంటే ఎక్కువగా ఉన్న పొరకు 1963 అని తేదీ వేస్తారు. బహిరంగ బాంబు పరీక్షలు ఉధృతంగా సాగి, ఒప్పందంతో తగ్గిన ఏడాది అది. మీ పూడికలో ఉంటే గింటే ఆ పాత బాంబుల జాడే ఉంటుంది. సీజియం అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే కాలం, 30 ఏళ్లు కాబట్టి అప్పటిదాంట్లో ఇప్పుడు పావు వంతే మిగిలింది. మిరప నిశ్చింతగా వేసుకోండి. మిరప చేను విషయంలో నా బెంగ ముక్కుకు గుడ్డయినా కట్టుకోకుండా మీరు కొట్టే పురుగుమందుల గురించే.

ములుగు దారి పుట్టగొడుగుల్లోనూ సీజియం గురించి ఆలోచించకండి, విషపు రకాల గురించి ఆలోచించండి. గుర్తుపట్టడం తెలిసినవారి దగ్గరే కొనండి. తిన్న ఆరు గంటలు దాటాక వాంతులు, విరేచనాలు మొదలైతే, మర్నాటికి తగ్గినట్టు అనిపించినా సరే, ఆస్పత్రికి రండి. కాలేయాన్ని దెబ్బతీసే రకాలు సరిగ్గా అలాగే మోసం చేస్తాయి.

అమ్మాయి విషయంలో ఒక్కటే జాగ్రత్త. అక్కడి కొండల్లో ఎవరైనా ఏరుకొచ్చి ఇచ్చిన పుట్టగొడుగులు, వేటాడిన అడవి పంది మాంసం తినవద్దు. దుకాణాల్లో అమ్మే ఆహారానికి జపాన్ పెట్టిన హద్దు కిలోకు 100 బెకరెల్‌లు (రేడియోధార్మికతకు కొలత). సరిగ్గా ఆ అంచున ఉన్న పుట్టగొడుగులు పూర్తిగా కిలో తిన్నా పెద్దవారికి చేరే మోతాదు సుమారు 1.3 మైక్రోసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలత). నేల, గాలి, ఆకాశం, తిండి ద్వారా మనిషికి సహజంగా ఏటా అందేది ప్రపంచ సగటున 2,400. లోపలికి వెళ్లిన సీజియం కూడా కండరాల్లో శాశ్వతంగా ఉండిపోదు. పెద్దవారిలో మూడు నెలల్లో ఇంచుమించు సగం, ఎక్కువగా మూత్రం ద్వారా, బయటికి పోతుంది.

మామూలు రక్తపరీక్షలో సీజియం కనబడదు. శరీరం మొత్తాన్ని కొలిచే ప్రత్యేక యంత్రం కావాలి, మీ ఇంట్లో ఎవరికీ దాని అవసరం లేదు. అయోడిన్ మాత్రలు అసలే వద్దు. అవి రేడియోధార్మిక అయోడిన్ నుంచి థైరాయిడ్‌ను కాపాడతాయి, అంతే. ఆ అయోడిన్ అర్ధాయువు ఎనిమిది రోజులు, 2011 నాటిది ఎప్పుడో అంతరించింది. డాక్టర్ చెప్పకుండా మోతాదు మించి వేసుకుంటే కడుపులోని బిడ్డ థైరాయిడ్ దెబ్బతినవచ్చు.

సీజియానికి మందు ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు పదార్థం. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో దాన్ని వాడారు. మూతపడిన ఆస్పత్రిలో వదిలేసిన క్యాన్సర్ చికిత్స యంత్రాన్ని ఇద్దరు విప్పుకెళ్లి పాత ఇనుముకు అమ్మారు. లోపల చీకట్లో నీలంగా మెరిసే సీజియం పొడి కనబడితే అబ్బురపడి చుట్టాలకు పంచారు. 249 మందికి కాలుష్యం సోకింది, నలుగురు చనిపోయారు. మన దేశంలోనూ 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో కోబాల్ట్-60 అనే మరో రేడియోధార్మిక పదార్థం వల్ల ఒకరు ప్రాణం కోల్పోయారు. మన ఊళ్లకు ఇలాంటి ముప్పు చేరే దారి అంటూ ఉంటే అది చెరువు కాదు, పాత ఇనుము దుకాణం. రేడియేషన్‌ను సూచించే మూడు రెక్కల గుర్తు ఉన్న, పరిమాణానికి మించిన బరువున్న డబ్బా ఏదైనా అక్కడ కనబడితే సుత్తితో కొట్టనివ్వకండి. అందరినీ దూరంగా పంపి 112కు ఫోను చేయండి.