మోరిస్ ఐలాండ్ లైట్‌హౌస్ సముద్రం మధ్యలోకి ఎలా వెళ్లింది?

లైట్‌హౌస్ ఎక్కడికీ వెళ్లలేదు, దీవే జరిగిపోయింది. అమెరికాలోని చార్లెస్టన్ రేవు దగ్గర 1876లో వెలిగిన ఈ 161 అడుగుల ఇటుక స్తంభం మొదట్లో నీటికి సుమారు 1,200 అడుగుల దూరంలో ఉండేది.

ఓడల దారి పూడిపోకుండా 1896కల్లా రేవు ముఖం దగ్గర రెండు రాతి గట్లు కట్టారు. ఉత్తరం నుంచి దక్షిణానికి కొట్టుకొచ్చే ఇసుకకు అవి అడ్డం పడ్డాయి. అలలు కోసుకుపోవడం ఆగలేదు, కొత్త ఇసుక మాత్రం రాలేదు. 1938కల్లా నీళ్లు స్తంభం మొదటికి వచ్చేశాయి. 1962లో దీపం ఆర్పేశారు.

అసలు ప్రమాదం పునాదిలో ఉంది: కర్ర పైల్స్ (నేలలోకి నిలువుగా దింపిన దుంగలు), వాటి మీద 8 అడుగుల మందం కాంక్రీటు. మట్టిలో కప్పబడి ఉన్నంతకాలం కర్రకు ఢోకా లేదు. ఇసుక పోయి పైల్స్ తలలు ఉప్పునీటికి తగిలితే సముద్రపు పురుగులు తొలిచేస్తాయి. స్తంభం ఇప్పటికే కాస్త ఒరిగింది. అందుకే 2008లో చుట్టూ స్టీలు షీట్ పైల్స్ (గోడలా నిలిచే ఉక్కు పలకలు) దింపారు, తర్వాత పునాదికి మైక్రోపైల్స్ (లోతుగా దిగే సన్నటి స్తంభాలు) వేశారు.

వెనక్కి జరపొచ్చుగా అంటారా? అమెరికాలోనే నార్త్ కరోలినాలో ఉన్న కేప్ హటరస్ లైట్‌హౌస్‌ను 1999లో 2,900 అడుగులు జరిపారు, కాకపోతే దాని కింద ఇంకా నేల ఉంది.