జీ1000లో కార్డు ఎర్రర్ వస్తే స్క్రీన్ మార్చే ముందు కార్డులు చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: నలుగురు కలిసి కొనుక్కున్న 2006 సెస్నా 172ఎస్ చిన్న విమానం, కాక్‌పిట్‌లో గార్మిన్ జీ1000 స్క్రీన్లున్నది, అరిజోనాలో మెసా దగ్గర ఫాల్కన్ ఫీల్డ్ విమానాశ్రయంలో ఉంటుంది. ఈసారి డేటాబేస్ అప్‌డేట్ మీరే చేశారు. పనిలో పనిగా కొత్త కార్డులు రెండు కొన్నారు. 64 జీబీది ఇంజిన్ లాగ్ కోసం ఎంఎఫ్‌డీ (మ్యాపులు, ఇంజిన్ వివరాలు చూపే స్క్రీన్) పై స్లాట్‌లో పెట్టారు. కింది స్లాట్‌లోని పాత కార్డు ఫైళ్ళన్నీ 16 జీబీ కార్డులోకి కాపీ చేసి అక్కడ పెట్టారు. ఇప్పుడు "డీబీ మిస్‌మ్యాచ్", "ఎంఎఫ్‌డీ1 కార్డ్ 1 ఎర్రర్", టెరైన్ (కొండలు, నేల ఎత్తు చూపే) పేజీలో "టెర్ ఫెయిల్" మూడూ కనిపిస్తున్నాయి. రిపేర్ షాపువాళ్ళు ఎంఎఫ్‌డీ పోయినట్టుంది, మార్చాలి అన్నారు.

ఆ స్క్రీన్‌కు ఇప్పుడే డబ్బు కట్టకండి. నేనూ ఫీనిక్స్ దగ్గరే ఇంకో ఇద్దరితో కలిసి జీ1000 ఉన్న 172 నడుపుతున్నాను. మా విమానంలో కార్డుల పని మొదటి నుంచీ నాదే. మీరు చెప్పిన మూడు మెసేజ్‌లకూ మూడు వేర్వేరు కారణాలున్నాయి, మూడూ కార్డులకు సంబంధించినవే. ఒకేసారి వచ్చాయి కాబట్టి పెద్ద జబ్బులా కనిపిస్తోంది, అంతే.

ముందు స్లాట్ల సంగతి. ఒక్కో స్క్రీన్ కుడి అంచున రెండేసి స్లాట్లుంటాయి. మెసేజ్‌లలో కార్డ్ 1 అంటే పైది, కార్డ్ 2 అంటే కిందిది. పై స్లాట్ ఇంటి వసారా అనుకోండి, వచ్చేవి పోయేవి అక్కడే. కింది స్లాట్ దేవుడి గది, అందులోది కదపకూడదు. నావిగేషన్ డేటాబేస్ పై స్లాట్ నుంచి స్క్రీన్ లోపలి మెమరీకి ఎక్కుతుంది. ఎక్కాక ఆ కార్డుతో పని లేదు, తీసేయొచ్చు. కింది కార్డు అలా కాదు. టెరైన్, అడ్డంకులు, సేఫ్‌టాక్సీ (విమానాశ్రయాల నేల మ్యాపులు), చార్టులు అన్నీ విమానం ఎగురుతున్నంతసేపూ ఆ కార్డులోంచే చదువుతుంది. అది లేకపోతే ఆ స్క్రీన్‌కు కొండలు కనబడవు. పీఎఫ్‌డీకి (ఎత్తు, వేగం చూపే పైలట్ ఎదుటి స్క్రీన్) వేరేగా, ఎంఎఫ్‌డీకి వేరేగా కింది కార్డు ఎందుకు పెట్టారంటే, ఒక స్క్రీన్ పోతే రెండోది ఒక్కటే మొత్తం చూపించాలి కాబట్టి.

డీబీ మిస్‌మ్యాచ్ తేలికైనది. రెండు స్క్రీన్లలో నావిగేషన్ డేటాబేస్ వెర్షన్లు వేరుగా ఉన్నాయని దాని అర్థం. మీ వివరాలను బట్టి పీఎఫ్‌డీ ఒక్కదాన్నే అప్‌డేట్ చేసి ఆపేశారు. మీ కాలపు విమానాల్లో ఒకదాన్ని చేస్తే రెండోదానికి అదే వెళ్ళిపోదు. అంతా ఆఫ్ చేసి, కార్డును పీఎఫ్‌డీ పై స్లాట్‌లో లేబుల్ ఎడమవైపుకు ఉండేలా పెట్టి, పవర్ ఇచ్చి, అప్‌డేట్ చేయమంటారా అని అడిగినప్పుడు ఈఎన్‌టీ (ఎంటర్) బటన్ నొక్కాలి. పూర్తయ్యాక మళ్ళీ ఆఫ్ చేసి, అదే కార్డును ఎంఎఫ్‌డీ పై స్లాట్‌లోకి మార్చి మొదటి నుంచి చేయాలి. ఈ మెసేజ్‌ను చూసీ చూడనట్టు వదిలేయొద్దు. ఇది ఉన్నంతసేపూ స్క్రీన్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోతుంది. ఎంఎఫ్‌డీలో మీరు ఎక్కించిన ఫ్లైట్ ప్లాన్ పీఎఫ్‌డీకి చేరదు.

కార్డ్ 1 ఎర్రర్‌కు కారణం ఆ 64 జీబీ కార్డు. 32 జీబీ దాటిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌తో వస్తాయి, జీ1000 దాన్ని చదవలేదు. ఇంకా పాత సాఫ్ట్‌వేర్ ఉన్న స్క్రీన్లయితే 2 జీబీ దాటిన కార్డును అసలు గుర్తుపట్టవు. కొత్త వెర్షన్లు 32 జీబీ దాకా తీసుకుంటాయి. 2006 విమానం కాబట్టి నా సలహా, ఎక్కడైనా పాత 2 జీబీ శాన్‌డిస్క్ ఎస్‌డీ కార్డు దొరికితే అదే వాడండి. మామూలు ఆకారంలో ఉన్న ఎస్‌డీనే వాడాలి, మైక్రో ఎస్‌డీని అడాప్టర్‌లో దూర్చి పెట్టొద్దు. ఇంజిన్ వణుకుకు ఆ అడాప్టర్ లోపల కాంటాక్ట్ వదులవుతుంది. కార్డు పక్కనున్న చిన్న లాక్ గొళ్ళెం కూడా చూసుకోండి. అది లాక్‌లో ఉంటే లాగ్ రాయదు.

లాగ్ గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ సదుపాయం ఉంటే చేయాల్సింది ఏమీ లేదు, ఎంఎఫ్‌డీ పై స్లాట్‌లో మంచి కార్డు ఉంటే చాలు. సెకనుకో వరుస చొప్పున సీఎస్‌వీ ఫైలులో రాసుకుంటూ పోతుంది. గంట ఎగిరితే 3,600 వరుసలు. నాలుగు సిలిండర్ల సీహెచ్‌టీ (సిలిండర్ తల వేడి), ఈజీటీ (బయటికొచ్చే పొగ వేడి), ఆయిల్ ప్రెషర్, ఫ్యూయల్ ఫ్లో అన్నీ ఉంటాయి. ఎక్సెల్‌లో తెరిచి నాలుగు ఈజీటీ గీతలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక గీత మిగతావాటి నుంచి విడిపోతున్న చోటు కళ్ళకు కనిపిస్తుంది. మా మెకానిక్ ఇప్పుడు ఏదైనా చెప్పే ముందు ఆ ఫైలు పంపమంటాడు. అందుకే ఈ కార్డు కోసం మీరు పడ్డ శ్రమ వృథా కాదు, సైజు ఒక్కటే మార్చండి.

ఇక టెర్ ఫెయిల్. దీని దగ్గర కాస్త ఆగి చదవండి. కింది కార్డులో ఉండే డేటాబేస్‌లు ఫైళ్ళు కాపీ చేస్తే పనిచేయవు. అవి ఆ కార్డు గుర్తింపు సంఖ్యతోనూ మీ విమానం సిస్టమ్ ఐడీతోనూ ముడిపడి ఉంటాయి. కంప్యూటర్‌లో చూస్తే ఫైళ్ళన్నీ చక్కగా కనిపిస్తాయి, పరిమాణం కూడా సరిపోతుంది, సిస్టమ్ మాత్రం ఒప్పుకోదు. పాత కార్డు మీ దగ్గరే ఉందన్నారు, అదృష్టం. దాన్ని ఫార్మాట్ చేయకండి. కంప్యూటర్‌లో పెట్టినప్పుడు విండోస్ ఏదో లోపం ఉంది సరిచేయనా అని అడిగితే వద్దనండి. ఆ పాత కార్డునే తిరిగి ఎంఎఫ్‌డీ కింది స్లాట్‌లో పెట్టండి, చాలావరకు టెరైన్ తిరిగి వచ్చేస్తుంది. కొత్త కార్డే కావాలంటే గార్మిన్ డేటాబేస్ మేనేజర్‌తో, మీ విమానం ఐడీ మీద మొదటి నుంచి రాయించుకోవాలి.

మా విమానంలోనూ ఇలాంటిదే ఒకటి జరిగింది. కొత్తగా చేరిన భాగస్వామి లాగ్ కార్డు అనుకుని కింది కార్డు తీసి ఇంటికి తీసుకెళ్ళాడు. మర్నాడు సాయంత్రం నేను ఎక్కి పవర్ ఇస్తే, ఎంఎఫ్‌డీ మొదటి పేజీలో టెరైన్ దగ్గర వివరాలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆ పేజీని చాలామంది చూడకుండానే ఈఎన్‌టీ కొట్టేస్తారు. దయచేసి అలా చేయకండి, ఒక్కో వరుసా చదవండి. గడువు తీరినవి పసుపు రంగులో ఉంటాయి. ఆ రోజు చీకటి పడే వేళ కాబట్టి నేను వెళ్ళలేదు.

మన వైపు ఈ టెరైన్ డేటా ఎందుకు ముఖ్యమో మీకు తెలిసే ఉంటుంది. 2011 నవంబరులో మీ ఫాల్కన్ ఫీల్డ్ నుంచే రాత్రిపూట బయల్దేరిన ట్విన్ కమాండర్ విమానం ఒకటి సూపర్‌స్టిషన్ కొండలను ఢీకొంది. అందులోని ఆరుగురూ చనిపోయారు, వాళ్ళలో ముగ్గురు పిల్లలు. వాతావరణం బాగానే ఉంది, ఆకాశం నిర్మలంగానే ఉంది. తూర్పున ఊరి దీపాలు అయిపోయాక అక్కడ కొండ ఉందని కళ్ళు చెప్పవు. టెర్ ఫెయిల్ ఉన్న విమానంలో రాత్రి అటు వెళ్ళొద్దని మీ నలుగురూ ఒక మాట అనుకోండి.

గడువుల విషయంలో కంగారు అక్కర్లేదు, కానీ తేడా తెలిసుండాలి. నావిగేషన్ డేటా 28 రోజులకోసారి, గురువారం నాడు మారుతుంది. అడ్డంకుల డేటా 56 రోజులకు. చార్టుల్లో ఫ్లైట్‌చార్ట్స్ రకమైతే గడువు దాటిన 180 రోజులకు మూతపడుతుంది, జెప్పెసెన్ చార్ట్‌వ్యూ అయితే 70 రోజులకే. చార్టులు ఉన్నట్టుండి మాయమైతే కార్డును అనుమానించే ముందు ఆ తేదీ చూడండి.

డేటాబేస్ అప్‌డేట్ పైలట్ స్వయంగా చేసుకోవచ్చని ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) 43.3(కె) నిబంధన చెబుతోంది, ఆ విషయంలో మీరు చేసింది సరైనదే. కానీ ఈఎన్‌టీ నొక్కి పట్టుకుని పవర్ ఇస్తే కాన్ఫిగరేషన్ మోడ్ వస్తుందని వీడియోల్లో చూసి ఉంటారు. అందులోకి వెళ్ళకండి. అక్కడ ఒక సెట్టింగ్ మారితే ఇంజిన్ గేజీల నుంచి ఆటోపైలట్ దాకా తేడా వస్తుంది. అది లైసెన్సున్న టెక్నీషియన్ పని.

పని తెల్లవారుజామున పెట్టుకోండి. ఎండలో తలుపులు మూసి, ఇంజిన్ ఆపి, రెండు స్క్రీన్లూ చాలాసేపు వెలిగించి ఉంచితే కూలింగ్ మెసేజ్ వస్తుంది, బ్యాటరీ కూడా దిగిపోతుంది. గ్రౌండ్ పవర్ దొరికితే పెట్టుకోండి. కార్డు పెట్టినా తీసినా పవర్ ఆఫ్‌లోనే. వేలితో లోపలికి నొక్కితే స్ప్రింగ్ పట్టు "టిక్" అని తగలాలి, కార్డు అంచు బెజెల్‌తో (స్క్రీన్ చట్రంతో) సమానంగా ఉండాలి. వేలు పోనిచ్చి చూస్తే గీరుకోకూడదు. కొంచెం బయటికి ఉందంటే అది కూర్చోలేదు.

ఇవన్నీ చేశాక కూడా కార్డ్ 1 ఎర్రర్ పోలేదంటే, పవర్ ఆపి ఆ లాగ్ కార్డును పీఎఫ్‌డీ పై స్లాట్‌లో పెట్టి చూడండి. ఎర్రర్ కార్డు వెంట పీఎఫ్‌డీకి వస్తే తప్పు కార్డుది. అక్కడ బాగా పనిచేసి, ఎంఎఫ్‌డీలో మాత్రం ఏ కార్డు పెట్టినా ఎర్రరే అంటే స్లాట్‌ది, అప్పుడు షాపుకు వెళ్ళాల్సిందే. వెళ్ళే ముందు ఎంఎఫ్‌డీలో ఆక్స్ అనే పేజీల గ్రూపులోని సిస్టమ్ స్టేటస్ పేజీ ఫోటో తీసుకోండి. సాఫ్ట్‌వేర్ వెర్షన్, సిస్టమ్ ఐడీ అందులో ఉంటాయి. ఏ కార్డు ఏ స్లాట్‌లో ఏమైందో కూడా కాగితం మీద రాసివ్వండి. స్క్రీన్ మొత్తం మార్చాలన్న మాట మీద అప్పుడు వాళ్ళతో వివరంగా మాట్లాడొచ్చు.