యాన్ ఆర్బర్ చలి కోసం పొదుపు కదిలించాలా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు, మావారికి 64. ఖమ్మంలో ఉంటాం. ఆయన గవర్నమెంటు టీచరుగా రిటైరయ్యారు, పెన్షన్ వస్తుంది. మా అబ్బాయి అమెరికాలో, యాన్ ఆర్బర్‌లోని మిషిగన్ యూనివర్సిటీలో ఎంఎస్ చదువుతున్నాడు. ఏప్రిల్ ఆఖరులో వెళ్లి వాడి గ్రాడ్యుయేషన్ చూసి, అక్టోబరు రెండో వారంలో తిరిగి వద్దామని టికెట్లు తీశాం. వీసా ఉంది. ఆ ఊళ్లో ఏప్రిల్‌లో కూడా ఒక్కోసారి మంచు పడుతుందట, జూలైలో ఉక్కపోతట, అక్టోబరుకి మళ్లీ చలట. అన్ని కాలాలకూ బట్టలు, కోట్లు, బూట్లు, పెట్టెలు అంటూ బంధువులు రాసిచ్చిన లిస్టు లక్షా 75 వేలు తేలింది. మాకు సేవింగ్స్ ఖాతాలో 2 లక్షల 10 వేలు, సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 15 లక్షలు, 4 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. స్కీములో డబ్బు వేసి 14 నెలలైంది, 8.2 శాతం వడ్డీ వస్తోంది. అది తీసేద్దామని మావారు అంటున్నారు. అబ్బాయికి ఎడ్యుకేషన్ లోన్ ఉంది, వాణ్ని అడగడం మాకిష్టం లేదు. ఏం చేయమంటారు? ఇంకో మాట. గ్రాడ్యుయేషన్ రోజున పట్టుచీర కట్టుకోవాలని నా కోరిక. ఆ చలికి కుదురుతుందా?

జవాబు: పట్టుచీర తప్పకుండా కట్టుకోండమ్మా. ఎలాగో కింద చెబుతాను. ముందు స్కీము సంగతి తేల్చేద్దాం. దాన్ని ముట్టుకోవద్దు.

ఈ స్కీములో కొంత తీసుకుని కొంత ఉంచుకోవడం కుదరదు. తీస్తే ఖాతా మొత్తం మూసేయాలి. ఏడాది దాటి రెండేళ్లు నిండకముందు మూస్తే అసలులో ఒకటిన్నర శాతం కోస్తారు. మీ 15 లక్షల మీద అది 22,500 రూపాయలు. కోట్లు కొనడానికి డబ్బు తీయబోతే, ఒక్క కోటూ కొనకముందే ఇరవై రెండు వేలు పోతాయి. అదే డబ్బు కదలకుండా ఉంటే మూడు నెలలకోసారి 30,750 వడ్డీ మీ ఖాతాలో పడుతుంది. ఏప్రిల్ మొదట్లో, అంటే మీరు విమానం ఎక్కేలోపే ఒక వాయిదా వస్తుంది. జూలైలో ఇంకోటి. ఆ ఏప్రిల్ వడ్డీలోంచే మీరిక్కడ కొనాల్సిన బట్టలూ పెట్టెలూ వచ్చేస్తాయి. కాకపోతే మీ చేతిలో ఉన్న లిస్టు మార్చాలి.

ఆ లిస్టులో నాకు కనిపించిన పెద్ద లోపం ఏమిటంటే, అక్టోబరులో అవసరమయ్యేవన్నీ మార్చిలో, ఖమ్మంలో కొనమంటోంది. ఎంఎస్ అయిన పిల్లలు ఉద్యోగం ఎక్కడ దొరికితే అక్కడికి వెళతారు. ఆగస్టు నాటికి మీవాడు మిషిగన్‌లోనే ఉంటాడని ఇవాళ ఎవరూ చెప్పలేరు. టెక్సస్‌లో ఉద్యోగం వస్తే మీరూ వాడి వెంట అక్కడికే వెళతారు. అక్కడ అక్టోబరులో కూడా పగలు మనకు అలవాటైన వేడే. అప్పుడు ఆ దళసరి కోట్లు రెండూ పెట్టెలో బరువుగా మిగిలిపోతాయి. పైగా ఖమ్మంలోనైతే వాటిని మళ్లీ వేసుకునే రోజే రాదు. అందుకే చివరి నెలన్నర బట్టల డబ్బు సెప్టెంబరు దాకా ఖాతాలోనే ఉండనివ్వండి. ఎక్కడుంటారో తేలాక, అక్కడి చలిని బట్టి కొనుక్కోవచ్చు.

ఇక దిగిన రోజు సంగతి. ఖమ్మంలో నలభై డిగ్రీల ఎండలోంచి బయల్దేరి యాన్ ఆర్బర్‌కి దగ్గర్లోని డెట్రాయిట్ ఎయిర్‌పోర్టులో దిగుతారు. ఏప్రిల్ చివర యాన్ ఆర్బర్‌లో తెల్లవారుజామున నాలుగైదు డిగ్రీలు, మధ్యాహ్నానికి పదిహేను పదహారు ఉండడం మామూలే. ఒకే రోజులో ఎండ, వాన, ఈదురుగాలి మూడూ రావచ్చు. ఇలాంటి చోట ఒక దళసరి కోటు కంటే ఒకదాని మీద ఒకటి వేసుకునే పలుచని బట్టలే నయం. లోపల థర్మల్స్, మధ్యలో మీ ఇంట్లో ఉన్న స్వెటరే, పైన గాలికీ వానకూ ఆగే టోపీ జాకెట్టు. ఎండెక్కేకొద్దీ ఒక్కొక్కటీ తీసేయొచ్చు. జూలైలో మిట్టమధ్యాహ్నం 28 డిగ్రీల దాకా వెళుతుంది కాబట్టి దానికి మీ రోజువారీ కాటన్ చీరలూ మీవారి పొట్టిచేతుల చొక్కాలూ చాలు. కానీ షాపుల్లో, బస్సుల్లో ఏసీ గట్టిగా ఉంటుంది. ఆ స్వెటరు వేసవిలోనూ చేతిలో ఉండాల్సిందే.

ఇక్కడ కొనాల్సిన వాటికి నా లెక్క ఇది. ఇద్దరికీ టోపీ జాకెట్లు 5,000, తలా రెండు జతల థర్మల్స్ 4,800, నీళ్లు దిగని నడక బూట్లు ఇద్దరికీ 5,000, ఉన్ని మేజోళ్లు, మంకీ క్యాపులు, గ్లవ్స్ 1,000. మొత్తం 15,800. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే పెద్ద స్పోర్ట్స్ షాపుల్లో ఈ ధరలకు మంచివే దొరుకుతాయి. పెట్టెలు ఇంట్లో ఏమీ లేవనుకుంటే రెండు కొనండి, 7,000. ఇక్కడి ఖర్చు 23 వేలు దాటదు. సెప్టెంబరుకి 200 డాలర్లు పక్కన పెట్టండి. డాలరు 90 అనుకుంటే 18 వేలు. అంతా కలిపి 41 వేల లోపు.

అక్కడ కొనడమంటే అన్నీ ఖరీదే అనుకోకండి. చలికాలం కోట్లు ఫిబ్రవరి, మార్చి నుంచే క్లియరెన్స్‌లో పెడతారు. పైగా యాన్ ఆర్బర్ స్టూడెంట్లు ఎక్కువగా ఉండే ఊరు. ఏప్రిల్ చివర సెమిస్టరు అయిపోయాక గదులు ఖాళీ చేసే పిల్లలు కోట్లు, దుప్పట్లు, బూట్లు థ్రిఫ్ట్ స్టోర్లకు, అంటే వాడిన వస్తువులు అమ్మే షాపులకు, ఇచ్చేసి పోతారు. సాల్వేషన్ ఆర్మీ, గుడ్‌విల్ లాంటి షాపుల్లో ఉతికి వాడుకోదగ్గ మంచి కోట్లు తక్కువకే వస్తాయి. ఇంకొకరు వేసుకున్నవి మనమెందుకు అనిపిస్తే అది మీ ఇష్టం, బలవంతం లేదు. కొత్తవే కావాలంటే ఊళ్లోనే బ్రియార్‌వుడ్ మాల్ ఉంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. మిషిగన్‌లో బట్టల మీద 6 శాతం సేల్స్ ట్యాక్స్ ఉంది, ధర చీటీ మీద అది కలపరు. 50 డాలర్ల కోటు బిల్లు దగ్గర 53 అవుతుంది.

మీ చీర దగ్గరికి వద్దాం. ఆ యూనివర్సిటీ వసంతకాలం స్నాతకోత్సవం మిషిగన్ స్టేడియంలో జరుపుతారు. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం, పైన కప్పు లేదు. అల్యూమినియం బెంచీల మీద గంటల తరబడి కూర్చోవాలి. పొద్దున్నే వెళితే ఆ బెంచి చల్లదనం చీరలోంచి తెలుస్తుంది. పాత శాలువా ఒకటి మడిచి కింద వేసుకోండి. చీర లంగా కింద థర్మల్ ప్యాంటు, బ్లౌజు లోపల పొడుగు చేతుల థర్మల్, కాళ్లకు చెప్పులు కాకుండా మేజోళ్లతో బూట్లు. కుచ్చిళ్లు కాస్త కిందికి పెడితే బూట్లు కనిపించవు. పైన టోపీ జాకెట్టు వేసుకుని, ఫొటోల వేళకు తీసేయండి. స్టేడియంలోకి గొడుగులు, చేతిసంచులు తీసుకెళ్లడం మీద ఆంక్షలు ఉంటాయి. ఆ ఏటి నిబంధనలు అబ్బాయిని చూడమనండి. బరువైన నగలు మాత్రం లాకర్లోనే ఉంచండి. ఆరు నెలల పాటు పరాయి ఇంట్లో వాటికి కాపలా కాయడం, తిరిగి వచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్లకు లెక్క చెప్పడం, రెండూ టెన్షనే. ఒంటి మీద రోజూ ఉండేవి చాలు.

ఇప్పుడు లిస్టులో అసలు లేనివి చెబుతాను. మీ లక్షా 75 వేలలో ఎక్కువ భాగం పోవాల్సింది వీటికే.

మొదటిది ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్. మీ వయసుకి, ఐదున్నర నెలలకి, ఇద్దరికీ కలిపి లక్ష దాటినా ఆశ్చర్యపోకండి. అమెరికాలో ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉంటే వచ్చే బిల్లు ముందు ఇది చిన్న మొత్తం. రెండు రకాల పాలసీలు ఉంటాయి. ఒక రకంలో ఒక్కో చికిత్సకు ఇంత అని ముందే గీత గీసి ఉంటుంది, మిగతాది మీ జేబులోంచే. ప్రీమియం తక్కువని అది తీసుకోకండి. రెండో రకం, మీరు భరించాల్సిన మొదటి కొద్ది మొత్తం పోగా మిగతా ఖర్చును మొత్తం పరిమితి దాకా భరించేది. మీకు అదే కావాలి. మీవారికి బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి. పాత జబ్బు ఒక్కసారిగా ముదిరితే కవర్ అవుతుందా, ఎంత వరకు, ఆయన వయసుకి ఆ సదుపాయం ఉందా అని రాతపూర్వకంగా అడగండి. ప్రీమియం కట్టేముందు ఆ పేజీ అబ్బాయితో కలిసి చదవండి.

రెండోది మందులు. మందుల షాపు ఇచ్చిన స్ట్రిప్పులు విప్పి డబ్బాల్లో పోసుకోవద్దు, అసలు ప్యాకింగుతోనే ఉంచండి. కంపెనీ పెట్టిన పేరు కాక, మందు అసలు పేరుతో డాక్టరు టైపు చేయించిన ప్రిస్క్రిప్షన్ వెంట ఉండాలి. వ్యక్తిగత వాడకానికి సాధారణంగా 90 రోజులకు సరిపడా తెచ్చుకోనిస్తారు. మిగతావి ప్రిస్క్రిప్షన్ జతచేసి తర్వాత ఇక్కడి నుంచి పంపించుకునే వీలుంది. కాబట్టి జూలైలో కొరియర్ పంపే మనిషిని ఇప్పుడే చూసుకోండి. కళ్లజోళ్లు ఇంకో జత చేయించుకోండి. పళ్ల డాక్టరు దగ్గరికి ఇద్దరూ ఒకసారి వెళ్లి రండి. మామూలు పంటి వైద్యం ఈ పాలసీల్లో చాలావరకు రాదు, అక్కడ ఖరీదు చాలా ఎక్కువ. వీటన్నిటికీ 25 వేలు పెట్టుకోండి. మందులు, కాగితాలు, జాకెట్లు, ఒక జత బట్టలు చేతిసామానులోనే ఉండాలి. పెద్ద పెట్టె ఒకరోజు ఆలస్యంగా వచ్చినా ఇబ్బంది ఉండదు.

ఇంకా మిగిలే బరువులో పచ్చళ్లు, పొడులు సర్దుకోండి. టికెట్టు మీద ఎన్ని పెట్టెలో ముందు చూసుకోండి. తలా 23 కిలోల పెట్టెలు రెండు అని అందరూ అంటారు కానీ, కొన్ని టికెట్లలో ఇప్పుడు ఒక్కదానికే అనుమతి. అదనపు పెట్టె కావాలంటే ఎయిర్‌పోర్టు కౌంటర్లో కంటే ముందే ఆన్‌లైన్లో కొంటే చాలాసార్లు తక్కువ పడుతుంది. బియ్యం, పచ్చి కరివేపాకు, మాంసం పచ్చళ్లు వద్దు. తినే వస్తువులు ఏమున్నా కస్టమ్స్ దగ్గర ఉన్నాయని చెప్పండి. చెప్పకుండా దొరికితే జరిమానా వందల డాలర్లలో ఉంటుంది. యాన్ ఆర్బర్ నుంచి కారులో వెళ్లేంత దూరంలోనే కాంటన్, నోవై ఉన్నాయి. మనవాళ్లు చాలామంది ఉంటారు, ఇండియన్ స్టోర్లలో పప్పులూ బియ్యం దొరుకుతాయి. పది కిలోల కందిపప్పు మోసుకెళ్లడానికి పెట్టె కొనక్కర్లేదు.

డబ్బు తీసుకెళ్లడానికి ముందే డాలర్లు నింపుకునే బ్యాంకు ఫారెక్స్ కార్డు ఒకటి, చేతిలో రెండు మూడు వందల డాలర్ల నోట్లు చాలు. ఇక్కడి మామూలు క్రెడిట్ కార్డు అక్కడ గీకితే చాలా కార్డులు 3.5 శాతం, దాని మీద జీఎస్టీ వేస్తాయి. అంటే వందకు నాలుగు రూపాయలకు పైనే. షాపులో రూపాయల్లో కట్టమంటారా, డాలర్లలోనా అని మెషీన్ అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లు పెట్టిందే.

మొత్తం చూస్తే బట్టలు, పెట్టెలు 41 వేలు, ఇన్సూరెన్స్ లక్షా 10 వేలు అనుకుందాం, మందులు వగైరా 25 వేలు. లక్షా 76 వేలు. మీ బంధువులు చెప్పిన మొత్తమే, పోయే చోట్లు వేరు. సేవింగ్స్‌లో ఉన్న 2 లక్షల 10 వేలకు ఏప్రిల్ వడ్డీ కలిస్తే 2,40,750. ఇంకా 64 వేలకు పైగా మిగులుతుంది. జూలై వడ్డీ, నెలనెలా పెన్షన్ దీనికి అదనం. ఎఫ్‌డీ అత్యవసరాల కోసం అలాగే ఉంటుంది. చదువు అయిన ఆరు నెలలకో ఏడాదికో అబ్బాయి లోన్ వాయిదాలు మొదలవుతాయి, ఈలోగా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. తిరిగి వచ్చాక మిగిలిన దాంట్లోంచి వాడికి ఒక వాయిదా కట్టి పెట్టాలనిపిస్తే నిశ్చింతగా కట్టండి.

వెళ్లే ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. మీ ఇద్దరి ఫోన్లలో బ్యాంకుకీ ఆధార్‌కీ ఇచ్చిన నంబర్లు అక్టోబరు దాకా పనిచేసేలా రీచార్జ్ చేయించి, రోమింగ్‌లో మెసేజ్‌లు వచ్చేలా పెట్టించుకోండి. ఆ సిమ్ తీసేసి అమెరికా సిమ్ వేస్తే ఓటీపీ రాదు. ఓటీపీ రాకపోతే జూలైలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నూ ఆగుతుంది, ఎఫ్‌డీ అవసరమైనా అక్కడి నుంచి కదిలించలేరు. రెండు సిమ్‌లు పట్టే ఫోను లేకపోతే పాత ఫోను ఒకటి చార్జర్‌తో సహా చేతిసంచిలో వేసుకోండి.