పిల్లలున్న ఇంటి పెరట్లో ఏ మొక్కలు నాటాలి?

ప్రశ్న: గుంటూరు శివారు గోరంట్లలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. వెనుక పడమర వైపు రెండు సెంట్ల నల్లరేగడి నేల ఖాళీగా ఉంది. మాకు ఐదేళ్ల పాప, రెండేళ్ల బాబు ఉన్నారు. స్థలమంతా ఎర్రమట్టి పరిచి లాన్ వేయించి, ప్రహరీ వెంట కోనోకార్పస్ నాటమని పనివారు అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక గృహిణి, గుంటూరు

జవాబు: అమ్మా, మొక్కల కంటే ముందు నీరు పోయే దారి చూసుకోవాలి. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు తీసే నేల కాబట్టి, పునాది పక్కన నీరు నిలిచినా, పెద్ద చెట్టు వేర్లు అక్కడి తేమను పీల్చివేసినా గోడలు పగిలే ప్రమాదం ఉంది. అందువల్ల ముందుగా నేలను ఇంటి వైపు నుంచి ప్రహరీ వైపు, పది అడుగులకు మూడు అంగుళాల చొప్పున వాలుగా సరిచేయించి, ప్రహరీ వెంట చిన్న కాలువ తీయించండి. రేగడిపై ఎర్రమట్టిని ఊరికే పరిస్తే అడుగున నీరు నిలిచి వేర్లు కుళ్లుతాయి. జానెడు లోతు తవ్వించి, ఎర్రమట్టితో పాటు ముతక ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు ఆ మట్టిలో కలిసిపోయేలా చేయించాలి.

కోనోకార్పస్ వద్దు. దాని వేర్లు నీటి పైపులను, మురుగు కాలువలను వెతుక్కుంటూ పోతాయి. ఇరుకు పెరటికి అది తగిన చెట్టు కాదు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, గురివింద ఎంత ముచ్చటగా ఉన్నా విషపు మొక్కలే. కుండీల్లో పెంచే డైఫెన్‌బాకియా ఆకు నమిలితే నోరు, నాలుక వాచిపోతాయి. చేతికందినదల్లా నోట్లో పెట్టుకునే వయసు పిల్లవాడు ఇంట్లో ఉన్నప్పుడు ఈ విషయంలో ఏమాత్రం రాజీ పడవద్దని గట్టిగా కోరుతున్నాను. మునగను కూడా పిల్లలు ఆడే చోట నాటవద్దు. దాని కొమ్మ పెళుసు, పైగా చెట్టుకు పట్టే గొంగళి పురుగుల నూగు తగిలితే ఒళ్లంతా దురద పుడుతుంది.

మధ్యాహ్నం దాటాక పడే ఎండకు అడ్డుగా, ఇంటి గోడకు కనీసం పదిహేను అడుగుల దూరంలో లక్నో-49 జామ ఒకటి, సీతాఫలం ఒకటి చాలు. ఏటా కొమ్మలు కత్తిరిస్తూ ఉంటే జామ కాయలు పాప చేతికి అందే ఎత్తులోనే ఉంటాయి. ఎండ బాగా తగిలే సగం స్థలంలో మాత్రమే గరిక జాతి లాన్ వేయండి. తొక్కిడిని తట్టుకుంటుంది కానీ నీడలో పలచబడుతుంది. వంటింటి దగ్గర చిన్న మడిలో తోటకూర విత్తనాలు పాపచేత చల్లించండి. నాలుగైదు రోజుల్లో మొలకలు కనబడతాయి, నెలకు కూర కోసుకోవచ్చు.

వేసవిలో రెండడుగుల గుంతలు తీసి ఎండనిచ్చి, పశువుల ఎరువు, కిలో వేపపిండి కలిపి నింపి, తొలకరి వానలకు మొక్కలు నాటండి. మీ నేలలో నూరువరహాలు, మందారం లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపుగా మారితే అది ఇనుపధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, పిల్లలు బయట లేని వేళ చల్లబాటున పిచికారీ చేయండి.