స్పందించనివారు ఎవరు?

సందేహం: ఒక సర్వే నివేదిక తెలుగులో రాస్తున్నాను. పాల్గొనని ఇళ్లవారిని ‘స్పందించనివారు’ అంటే చాలునా? ఇంటింటికీ వెళ్లి అడిగేవారిని ‘పృచ్ఛకులు’ అనవచ్చునా?

సమాధానం: ఈ ‘స్పందించు’ మీద నాకు పాత కోపం ఉంది. మంత్రిగారు స్పందిస్తారు, అధికారులు స్పందించరు, మార్కెట్లూ స్పందిస్తాయి. బదులు పలకడం, ఒప్పుకోవడం, జాలిపడడం, అన్నిటికీ ఇదొక్కటే మాటయి కూర్చుంది. సంస్కృత క్రియామూలాల పట్టిక ధాతుపాఠం చూడండి: ‘స్పది కించిచ్చలనే’, అంటే కొద్దిగా కదలడమనే అర్థంలో ‘స్పది’. చివరి ఇకారం ఇత్తు, అంటే లోపించే గుర్తు మాత్రమే గనుక, నుమాగమం (నకారం చేరడం) వచ్చి స్పంద్ అయింది. అర్థం బరువంతా ‘కించిత్’ మీదే ఉంది. కనురెప్ప అదిరితే స్పందనం, నాడి కొట్టుకుంటే స్పందనం. ఆపాటి కదలికా లేనిది నిస్పందం. మరి తలుపు ధడాలున మూసిన గృహస్థు స్పందించలేదనడం ఏం న్యాయం? ఆయన కించిత్తేమిటి, గట్టిగానే చలించాడు!

లెక్కకూ ఈ మాట చేటే. ఇంట్లో ఎవరూ దొరకకపోవడం వేరు, దొరికినవారు కాదనడం వేరు. మొదటిదానికి సాయంత్రాలూ సెలవురోజులూ చూసి మళ్లీ వెళ్లాలి. రెండోదాన్ని తప్పించడం చాలావరకు వెళ్లినవారి నేర్పు. ఇంటింటి సర్వేలపై సర్వే పరిశోధకులు గ్రోవ్స్, కూపర్ 1998లో వెలువరించిన పుస్తకం ఈ రెంటినీ విడదీసే చర్చించింది. నేర్పంటే ఎదుటివారిని బట్టి మాట మలుచుకోవడం, సంభాషణ తెగనివ్వకపోవడం. ‘ఎంతసేపు పడుతుంది?’ అన్నవారికి సర్వే గొప్పతనం వల్లించకూడదు, నిమిషాలు చెప్పాలి. ‘మా ఇల్లే ఎందుకు?’ అంటే ఎంపిక ఎలా జరిగిందో చెప్పాలి. వేళ కాదని ముఖం చెబుతుంటే, ‘వద్దు’ అనే మాట పడకముందే ‘మళ్లీ వస్తాను’ అని తప్పుకోవాలి. పడ్డాక తిప్పడం కష్టం. అప్పుడు వేరే మనిషిని పంపడమూ కద్దు. కంఠపాఠం అప్పజెప్పేవారికి ఇవేవీ అందవు. గడపలో ఎదుటివారి ముఖాన కనిపించే ఆ కించిచ్చలనానికే స్పందన అనే మాట దక్కాలని నా పక్షపాతం.

కనుక ‘దొరకనివారు’, ‘నిరాకరించినవారు’ అని విడివిడిగా రాయండి. జబ్బు వల్లనో భాష రాకనో చెప్పలేకపోయినవారు మూడో కోవ. అందరినీ కలిపి అనవలసినచోట ‘పాల్గొననివారు’ చాలు. ‘స్పందించనివారు’ తప్పా అంటే, వ్యాకరణం అడ్డురాదు, వాడుకలో పాతుకుపోయింది కూడా, కొట్టివేయమనలేను.

పృచ్ఛకులంటారా, ‘ప్రశ్న’కు పుట్టిల్లయిన ప్రచ్ఛ్ ధాతువే దానికీ మూలం, దోషం లేదు. కాకపోతే అవధానంలో పృచ్ఛకుడి పని ఎదుటివాణ్ణి ఇరుకున పెట్టడం. గుమ్మం ముందు ఆ పని చేస్తే ఎవరు జవాబిస్తారు? ‘సర్వేకు వచ్చినవారు’ అంటే నివేదిక గౌరవం ఏం తగ్గుతుందో నాకు తెలియదు.